మజ్జిగలో మందు

చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు, ముందే చెప్పేస్తాను. ఏడేళ్ళపాటు నా మొగుడికి తెలియకుండా మజ్జిగలో మందు కలిపి ఇచ్చాను. రోజూ మధ్యాహ్నం, ఇత్తడి చెంబులో, ఉప్పూ కరివేపాకూ వేసి, పైన పది చుక్కలు. డాక్టరు చెప్పాడు, పెద్దలు చెప్పారు, నేను చేశాను. ఇప్పుడెవరైనా 'నీ తప్పేముందమ్మా, అంతా ఆయన మంచికే కదా' అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తప్పు నాదే. నాది ఒక్కదానిదే కాదు, అదీ నిజమే.

మాది చిన్నమనూరు పక్కన, కొండల నడుమ లోయలో. మావాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ తమిళ దేశానికి వచ్చారో ఎవరికీ లెక్క తెలియదు కానీ ఇంట్లో మాత్రం తెలుగే. బడిలో నేను చదివింది తమిళం. తెలుగు అక్షరాలు యాభై దాటాక ఫోనులో చూసి దిద్దుకున్నాను. అక్షరం తప్పయితే దిద్దుకోండి, మాట మాత్రం దిద్దకండి.

మా ఆయన ఇరవై రెండేళ్ళు పటాలంలో ఉన్నాడు. హవల్దారుగా తిరిగొచ్చాడు. చివరి రెండేళ్ళలో ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. పహరా కాస్తుంటే ఎవరూ లేనిచోట నుంచి ఎవరో ఆజ్ఞలిస్తున్నట్టు వినపడేదట. ఒక గొంతు తిట్టేది, ఇంకో గొంతు హెచ్చరించేది. అక్కడి ఆస్పత్రిలో నెలల తరబడి ఉంచి, జబ్బుకు ఒక పేరు పెట్టి, కాగితాలు చేతికిచ్చి ఇంటికి పంపేశారు.

ఆ కాగితాలు ఇంట్లో ఎవరూ చదవలేదు. మనిషికి మతి చలిస్తే మావాళ్ళకు తెలిసిన కారణం ఒక్కటే, ఎవరో మందు పెట్టారని. ఎవరో అంటే పెళ్ళామే. మొగుణ్ణి కొంగుకు కట్టేసుకోవడానికి అన్నంలో ఏదో కలుపుతుందని, అది కడుపులో ఉండిపోయి మతిని తినేస్తుందని నమ్మకం. అలాంటి మందు తీసేవాళ్ళూ ఉన్నారు. మా అత్త నా ముఖం చూడకుండానే, "పెట్టినోళ్ళకు తెలుస్తాది, తీసినోళ్ళకు తెలుస్తాది" అంది. ఆయన్ని అలాంటి ఒకడి దగ్గరికి తీసుకుపోయి ఏదో పసరు తాగించి కక్కించారు. అందులోంచి ఒక ఉండ తీసి, 'ఇదిగో మందు' అని చూపించాడు ఆ మనిషి. అది పొద్దున నేను పెట్టిన కుడుము ముక్క. నా చేత్తో ఉడికించిన కుడుము నాకు తెలియదా! కానీ అప్పట్లో నేను నోట్లో నాలుక లేనిదాన్ని. ఊరుకున్నాను.

కుడుము బయటికి వచ్చింది, గొంతులు మాత్రం లోపలే ఉండిపోయాయి. అప్పుడు బస్సెక్కించి మదురై తీసుకుపోయారు.

ఇక్కడ మా బావగారి సంగతి చెప్పాలి. ఆయన మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చోదు, ఎదురుగా మాట్లాడదు. ఆయనా నాతో నేరుగా మాట్లాడరు. నాకేదైనా చెప్పాలంటే వాకిట్లో నిలబడి గేదె దూడకు చెప్పేవారు. లోపలున్న నేను వినుకోవాలి. ఇరవై ఏళ్ళలో దూడలు ఎన్నో మారాయి కానీ ఆజ్ఞలు మారలేదు.

మదురైలో డాక్టరు గదిలోకి బావగారు వెళ్ళారు, వెనకాల నేను వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను. మా ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. బావగారు జబ్బు గురించి చెప్పారు, డాక్టరు రాసుకున్నాడు. మాత్రలు మింగుతాడా అని డాక్టరు అడిగితే, ఉమ్మేస్తాడని బావగారు చెప్పారు. అయితే చుక్కల మందుంది, రంగు లేదు, రుచి లేదు, తెలియకుండా ఇచ్చేయండి అన్నాడు డాక్టరు. ఆయన జబ్బు గురించి ఆయన్ని తప్ప అందరినీ అడిగారు. అది వింత అని ఆ రోజు నాకూ అనిపించలేదు.

ఇంటికి వచ్చాక బావగారు దూడతో అన్నారు: "ఇందా, మజ్జిగలో పది సుక్కలు. వాడికి తెలియకూడదు. ఒగ పూట కూడా తప్పకూడదు, సరేనా?"

దూడ తలాడించింది. లోపల నేనూ ఆడించాను.

మందు పెట్టిందని నింద వేసిన ఇంట్లోనే, నింద వేసిన అత్త కళ్ళముందే, నాచేత మందు పెట్టించారు. ఆ రోజు నవ్వు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ కోపమూ కలిసే వస్తాయి.

మందు పనిచేయలేదని నేననను. గొంతులు తగ్గాయి. ఆయన నిద్రపోయాడు, వేళకు తిన్నాడు. కానీ చేతులు వణకడం మొదలైంది. మాది పన్నీరు ద్రాక్ష తోట. కాపు కోసిన తరవాత తీగ కత్తిరించాలి. కొమ్మ మీద చిగురు మొలిచే కన్నులు లెక్కపెట్టి, సరైన కన్ను పైన కత్తెర వేయాలి. వేలెడు అటూ ఇటూ అయితే ఆ కొమ్మ ఆ కాపుకి ఉత్తదే. పటాలంలో ఉన్నన్నాళ్ళూ మా ఆయన పండక్కి సెలవు పెట్టేవాడు కాదు, కత్తిరింపుకి పెట్టేవాడు. లోయలో పక్క తోటలవాళ్ళు కూడా పిలిచి కత్తెర చేతికిచ్చేవాళ్ళు. అలాంటి మనిషి గట్టు మీద కూర్చుని, కూలివాళ్ళు కత్తిరిస్తుంటే చూశాడు. ఒళ్ళో రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేవి.

బావగారికి మాత్రం కడుపులో చల్ల కదలకుండా ఉంది. "సుమ్మ ఉండాడు కదా, అదే దా కావాల్సింది" అనేవారు. సుమ్మ ఉండడమంటే మా వైపు ఊరికే ఉండడం; 'దా' అన్నది మాటకు నొక్కు. బతికి ఉండడానికీ ఊరికే ఉండడానికీ తేడా ఏమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఏడో ఏట ఒక మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చెంబు చేత్తో పట్టుకుని ఆయనే వంటింట్లోకి వచ్చాడు.

"ఈ పొద్దు రెండు సుక్కలు ఎక్కువ పడినాయే" అన్నాడు.

"మీకు తెలుసునా?" అన్నాను.

"మొదటి వారమే తెలిసింది. పట్టాలంలో ఆరేండ్లు వంటశాల సూసినోణ్ణి. జవాన్లు తినకముందు రుచి సూడాల్సింది నేను దా. ఉప్పు ఏడ తగ్గిందో, పప్పులో ఏం పడిందో కనిపెట్టడమే నా పని."

"మరి ఎందుకు తాగినారు?"

"చెంబు ఇచ్చేటప్పుడు నువ్వు నా మొగం సూడవు. భయపడుతుండావని తెలిసింది. సరి, నీకు భయం పోనీ అని తాగినాను." చెంబు కింద పెట్టి, "దినామూ కాదు" అన్నాడు. కత్తిరింపు దగ్గరపడిందంటే సగం తాగి, సగం పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసేవాడట. చేతులు కొంచెం కుదురుతాయేమోనని. గొంతులు మళ్ళీ దగ్గరికి వస్తే నిండు చెంబూ తాగేవాడట.

ఆ రోజు నాకొచ్చిన కోపం ఎవరి మీదో చెప్పలేను. నేను ఆయన్ని మోసం చేస్తున్నాననుకున్నాను, ఆయన నన్ను చేశాడు. మా ఇద్దరినీ కలిపి ఇంకెవరో చేశారు. ఆ ఏడేళ్ళూ బుద్ధిగా మందు పుచ్చుకున్నది మా కరివేపాకు చెట్టే. దానికి మాత్రం మతి బాగా కుదిరింది.

నవ్వుకోవడం అయ్యాక కూర్చుని ఏడ్చాను. ఎందుకంటే ఏ డాక్టరూ చేయని పని ఆయన చేశాడు. ఎంత తాగితే గొంతు తగ్గుతుందో, ఎంత తాగితే చెయ్యి వణుకుతుందో, ఒంటరిగా కొలుచుకున్నాడు. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పడానికి ఎవరైనా అడిగితే కదా!

సీసా తీసి బల్ల మీద పెట్టాను. "ఇంక కలపను. తాగాలంటే తాగండ, లేకుంటే లేదు" అన్నాను. పెద్ద ధైర్యవంతురాలిలా అన్నాను కానీ అదీ తెలివితక్కువే. మందు అలా ఒక్కసారిగా వదిలేయకూడదని నాకు తెలియదు. నిజం చెబితే చాలు, మిగతాది అదే సర్దుకుంటుందనుకున్నాను.

ఆయన పూర్తిగా మానేశాడు. నెలా నెలన్నర బాగానే ఉన్నాడు. చేతులు నిలిచాయి, తోటలోకి వెళ్ళాడు, పాట కూడా పాడాడు. తరవాత మాటలు తగ్గాయి. ఒక పొద్దున లేచి చూస్తే తోట గేటు దగ్గర కర్ర భుజానికి ఆనించుకుని పహరా నిలబడ్డాడు. ద్రాక్ష గంపలకని వచ్చిన వ్యాను ఆపి, సంకేతపు మాట చెబితేగానీ వదలనన్నాడు. డ్రైవరు నవ్వాడు. ఈయన కర్ర ఎత్తాడు. దెబ్బ తగల్లేదు, అద్దం పగిలింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది గేటే దాటింది, మధ్యాహ్నానికి లోయంతా తెలిసిపోయింది.

ఆ రోజు బావగారు పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి నా కళ్ళలోకి చూసి మాట్లాడారు. దూడ అవసరం కూడా లేకపోయింది.

"వాణ్ణి ఈ గతికి తెచ్చింది నువ్వు దా మే. సోమవారం మదురై పోతుండాము. నెలకొగ ఊసి ఉండాదంట, అది పొడిపించేస్తాము. నేను సంతకం పెడతాను. తిమిరితే పట్టుకొనేదానికి ఇద్దరు మనుషుల్ని సెప్పినాను."

ఊసి అంటే సూది, తిమిరడమంటే గింజుకోవడం. సూదంటే నాకు భయం లేదు. నా భయం ఆ ఇద్దరు మనుషుల గురించి. ఒక్కసారి ఆయన్ని కిందపడేసి పొడిచారంటే, ఆ గొంతులు 'నీ చుట్టూ శత్రువులే' అని చెప్పేది నిజమని మేమే రుజువు చేసినట్టు. ఆ తరవాత నేను పులుసు పోసినా, నీళ్ళిచ్చినా ఆయన నమ్మడు. సోమవారానికి నాలుగు రోజులుంది.

మా దగ్గర్లో మాజీ సైనికులకు ఒక చిన్న ఆస్పత్రి ఉంది. అక్కడి నర్సమ్మది తిరుప్పూరు, గలగలా మాట్లాడే మనిషి. మర్నాడే వెళ్ళి ఆమె దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను, కరివేపాకు చెట్టుతో సహా. ఆమె తిట్టలేదు. తమిళంలో అచ్చేసిన ఒక కాగితం ఇచ్చింది. మందు మీకేం చేస్తోంది, మీ దగ్గర్నుంచి ఏం తీసేసుకుంటోంది, దేన్ని ఓర్చుకోగలరు, దేన్ని ఓర్చుకోలేరు, మీకు ఏది కావాలి, ఇవీ అందులోని ప్రశ్నలు. 'ఇవి ఆయనే చెప్పాలి, మీరు రాసిపెట్టండి చాలు. జబ్బు ముదిరినప్పుడు కూడా రోజులో ఒక గంట తేటగా ఉంటారు, ఆ గంట కోసం కాచుకోండి' అంది.

కాచుకున్నాను. మొదటి రోజు పంపుసెట్టు షెడ్డులో పక్కన కూర్చుంటే శత్రువుల గురించే చెప్పాడు. రెండో రోజు అసలు మాట్లాడలేదు. మూడో రోజు నాకు విసుగొచ్చి, కాగితం మోకాలి మీద పెట్టుకుని, "హవల్దార్, రిపోర్టు!" అన్నాను. వేళాకోళానికే అన్నాను. ఆయన నిటారుగా కూర్చున్నాడు.

రిపోర్టు ఇచ్చాడు. గొంతులు రెండు. ఎనిమిది చుక్కలకు తిట్టేది పోతుంది, పది చుక్కలకు రెండోదీ పోతుంది కానీ చెయ్యి వణికి కత్తిరింపు కుదరదు. పన్నెండైతే చెయ్యి కత్తెరే పట్టదు, నోట్లో చొంగ కారుతుంది, తలగడ తడుస్తుంది, సిగ్గేస్తుంది. హెచ్చరించే గొంతు కొంచెం ఉన్నా ఓర్చుకోగలడు, దానితో అలవాటే. అన్నం పళ్ళెం ముందు కూర్చుని అనుమానపడడం మాత్రం ఓర్చుకోలేడు. వ్యాను డ్రైవరుకు క్షమాపణ చెప్పాలి. ఇదంతా గబగబా రాసుకున్నాను. చివరి ప్రశ్న చదివాను, మీకు ఏది కావాలి అని.

"అది డాక్టరుకు దా సెప్తాను" అన్నాడు.

సోమవారం బస్సులో ఆయనకు అటొకడు ఇటొకడు కూర్చున్నారు. డాక్టరు గది ముందు ఎప్పటిలాగే బావగారు లోపలికి నడిచారు. మా ఆయన్ని చూసి డాక్టరు, 'మీరు బయట కూర్చోండి' అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. బావగారి పక్కనున్న కుర్చీ జరుపుకుని నేనూ కూర్చున్నాను.

"లేయి" అన్నారు బావగారు, గోడ వంక చూస్తూ.

"లేయను. ఏడేండ్లు నిలబడే ఉంటిని, ఏం సాధించినాము?" అని, డాక్టరు వైపు తిరిగాను. "సారు, మజ్జిగలో మందు కలిపింది నేను. ఇంక కలపను. మీరు ఏమిచ్చినా ఈయనకు సెప్పి ఇయ్యండ. జబ్బు ఈయనది, ఒళ్ళు ఈయనది. ఈయనతో మాట్లాడండ."

బయట చాలామంది వేచి ఉన్నారు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఈ జబ్బున్నవాళ్ళకు తమకు జబ్బుందనే తెలియదమ్మా, అడిగి ఏం ప్రయోజనం అన్నాడు.

"చెంబెడు మజ్జిగలో రెండు సుక్కలు ఎక్కువైతే కనిపెట్టినోడికి తన జబ్బు తెలియదా? మీకు తెలుసునా సారు, ఎన్ని సుక్కలకు ఈయన చెయ్యి వణుకుతాదో?" అని కాగితం బల్ల మీద పెట్టాను. నా గొంతు గది బయటికి కూడా వినిపించి ఉంటుంది. వినిపించనీ!

డాక్టరు కాగితం చదివాడు. మధ్యలో ఆగి మొదటికి వచ్చి మళ్ళీ చదివాడు. చెడ్డవాడేం కాదు, అలవాటు పడ్డవాడు. కళ్ళజోడు తీసి మా ఆయన వైపు కుర్చీ తిప్పుకుని, 'చెప్పండి హవల్దార్, మీకేం కావాలి?' అన్నాడు. ఏడేళ్ళలో అదే మొదటిసారి.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఊసి ఏస్కొంటాను సారు" అన్నాడు.

ఏ సూది తప్పించాలని నేను నాలుగు రోజులు నిద్ర మానేశానో, ఆ సూదే కావాలంటున్నాడు.

"నెలకొగ తూరి అయిపోతాది. దినామూ ఇంట్లో ఎవరూ నా చెంబు, నా నోరు సూసే పనిలేదు. అన్నం అన్నంగా ఉంటాది. అయితే ఒగటి, తక్కువలో మొదలుపెట్టాల. కత్తిరింపు ముందు వచ్చి నా చెయ్యి ఎట్లుందో సెప్తాను, మీరు వినాల. ఎవరూ నన్ను పట్టుకోగూడదు. సొక్కా చెయ్యి నేనే మడుస్తాను."

"నేను సెప్పిందే దా ఇది" అన్నారు బావగారు, తృప్తిగా.

డాక్టరు ఇంకో కాగితం తీశాడు. మళ్ళీ ఎప్పుడైనా జబ్బు ముదిరి తాను మాట్లాడలేని స్థితి వస్తే, ఎవరి మాట వినాలో ఆయనే ముందుగా రాసివ్వొచ్చని చెప్పాడు. బావగారు జేబులో పెన్ను తీశారు. మా ఆయన ఆ పెన్ను అందుకుని నా పేరు రాశాడు.

"ఈమె కలిపింది కద రా మందు!" అన్నారు బావగారు.

"కలిపింది. తప్పని ఒప్పుకొన్నాది. మీరెవరూ ఇంకా ఒప్పుకోలేదే అన్నా" అన్నాడు మా ఆయన.

తిరుగు బస్సులో ఉసిలంపట్టి దాటాక ఆగలేకపోయాను. "ఊసి వద్దనుకొని గదా నేను అంత పోట్లాడినాను? కడాసికి మీ అన్న మాటే గెలిచింది" అన్నాను.

"నువ్వు పోట్లాడింది నన్ను అడగమని. అడిగినారు" అన్నాడు. కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నాకు మాత్రం ఇంకా కోపంగానే ఉంది. ఆయన నోరు తెరవాలని కొట్లాడాను కానీ, తెరిస్తే నా మాటే వస్తుందనుకున్నాను. బావగారికీ నాకూ ఉన్న తేడా నేననుకున్నంత పెద్దదేం కాదని ఆ బస్సులో తెలిసింది. అది ఒప్పుకోవడం నాకు చాలా కష్టమైంది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. అంతా చక్కబడిందని రాస్తే అబద్ధం. హెచ్చరించే గొంతు అప్పుడప్పుడూ వస్తుంది. చేతులు మునుపటిలా లేవు. మొన్నటి కత్తిరింపుకు మొదటి ఆరు వరసలు తానే చేసి, ఏడో వరసలో కత్తెర కూలివాడికి ఇచ్చేశాడు. బావగారు నాతోనూ మాట్లాడరు, దూడతోనూ మాట్లాడరు. ఇంట్లో ఇలాంటి సైనికులున్న ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వస్తుంటారు, ఏం చేయమంటావక్కా అని. మీరేం చేయాలో నాకు తెలియదు, ఆయనకు ఏం కావాలో తెలుసా అంటాను. కొందరికి ఆ మాట నచ్చదు. నచ్చకపోతే పోనీ.

పోయిన నెల సూది వేయించుకునే రోజున ఆ చిన్న ఆస్పత్రికి వెళ్ళాం. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నర్సమ్మ మందు సిద్ధం చేసింది. ఆయన చొక్కా చెయ్యి మడవలేదు.

"ఈ నెల వద్దమ్మా" అన్నాడు.

గేటూ, కర్రా, పగిలిన అద్దమూ అన్నీ కళ్ళముందు తిరిగాయి. నర్సమ్మ ఆయన్ని వదిలేసి నా ముఖంలోకి చూసింది. తాను మాట్లాడలేనప్పటికని ఆయన రాసిచ్చిన కాగితం మీద ఉన్నది నా పేరే, ఆమెకు నేను ఊ అంటే చాలు. నా నాలుక మీద 'వేసెయ్యండి' అన్న మాట సిద్ధంగా ఉంది. అది మింగడానికి నాకెంత సేపు పట్టిందో నాకే తెలుసు.

"నన్ను సూస్తే ఏమొస్తాదమ్మా?" అన్నాను. "వద్దన్నది ఆయన. ఎందుకు వద్దో ఆయన్నే అడుగు."